కల్వర్టు మీద ఇరవై మూడు మంది

"ప్రజాస్వామ్యానికి నాలుగో స్తంభాన్ని నేటి నుంచి మన పాఠశాలలో, తొమ్మిదో తరగతి బి సెక్షనులో, ప్రతి బుధ, శుక్రవారాల్లో, ఆరో పీరియడ్‌లో నిలబెట్టడం జరుగుతుంది!"

ప్రార్థనలో మా హెడ్మాస్టరు గారు ఈ ముక్క అనగానే అందరం చప్పట్లు కొట్టేం. ఆయన ఏ ముక్క అన్నా చప్పట్లు కొట్టడం మా బడిలో మామూలే. ఇంతకీ సంగతేమిటంటే, మా బడికి మీడియా అనే కొత్త సబ్జెక్టు వచ్చింది. పక్క మండలంలో బడికి కుట్టుపని వచ్చిందట. ఇంకో బడికి వ్యవసాయం వచ్చిందట. మాకు మీడియా పడింది. చెరకు తోటల్లో పుట్టి పెరిగిన పిల్లలకి వ్యవసాయం ఏం నేర్పుతాంలే అనుకున్నారో, చీట్లు వేసి తీసేరో, పైవాళ్ళకే తెలియాలి.

నా పేరు గంగాభవాని. నాకు విలేకరి అయిపోవాలని చిన్నప్పట్నుంచీ కోరికేమీ లేదు. మీడియా తీసుకోనివాళ్ళకి అదే పీరియడ్‌లో లెక్కలు ఎక్స్‌ట్రా క్లాసు పెడతామన్నారు. అంతే, నాలుగో స్తంభాన్ని రెండు చేతులతో వాటేసుకున్నాను.

సబ్జెక్టుతోపాటు సామాన్లూ వచ్చేయి. వీడియో కెమెరా ఒకటి, మైకు ఒకటి, మూడు కాళ్ళ స్టాండు ఒకటి. హెడ్మాస్టరు గారు అట్టపెట్టెలకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బీరువాలో పెట్టి తాళం వేసేసేరు.

"మళ్ళీ ఎప్పుడు తీస్తారు సార్?" అన్నాను.

"తీస్తే పాతబడిపోదూ? రేపు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు కొత్త కెమెరా ఏదీ అంటే, వాడేసిన కెమెరా చూపించమంటావా?" అన్నారు.

 

పాఠం చెప్పడానికి అనకాపల్లి నుంచి త్రినాధరావు మాస్టారు వచ్చేవారు. పొద్దున్నపూట ఆయన ఒక పేపరుకి జిల్లా పేజీ విలేకరి. మధ్యాహ్నం మాకు మాస్టారు. స్కూటరు నంబరు కన్నా పెద్ద అక్షరాలతో ప్రెస్ అని రాసి ఉండేది. కొట్టడు, తిట్టడు, హోంవర్కు ఇవ్వడు. అలాంటి మనిషిని ఏ పిల్లలైనా దేవుడిలా చూసుకుంటారు, మేమూ చూసుకున్నాం.

మా పుస్తకంలో మొదటి పాఠం, వార్తకి ఆరు ప్రశ్నలు ఉంటాయని. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా. మాస్టారు ఆరూ బోర్డు మీద రాసి, ఐదింటిని డస్టరుతో తుడిచేసేరు.

"ఇక్కడ 'ఎవరు' అన్నదానికే పేపర్లో చోటు సరిపోదు. మిగతా ఐదూ ఢిల్లీ వార్తలకి. రాసుకోండి! అధ్యక్షత వహించింది ఎవరు? ముఖ్య అతిథి ఎవరు? రిబ్బను కత్తిరించింది ఎవరు? కత్తెర అందించింది ఎవరు? చివరి లైను, 'ఈ కార్యక్రమంలో ఫలానా, ఫలానా, ఫలానా తదితరులు పాల్గొన్నారు.' ఆ చివరి లైనే వార్తకి ప్రాణం. పేరున్న ప్రతివాడూ రెండు పేపర్లు కొంటాడు. పేరు లేనివాడు నా స్కూటరు గాలి తీసేస్తాడు."

ఈ పాఠం మాకు బాగా ఎక్కింది. వారం తిరక్కుండా స్లిప్ టెస్టు పెట్టేరు. మా ఊళ్ళో పెద్దమనుషులు ఇద్దరు. ఎర్రిబాబు గారు చెరకు రైతుల సంఘానికి మాజీ అధ్యక్షుడు. నానాజీ గారు కాబోయే సర్పంచి, అంటే అలా అని ఆయన అనుకుంటున్నాడు. వీళ్ళిద్దరూ ఒక సభకి వస్తే వార్తలో ఎవరి పేరు ముందు రాయాలన్నది ప్రశ్న. అక్షర క్రమంలో అని రాసినవాళ్ళకి సున్నా. వయసు ప్రకారం అన్నవాళ్ళకీ సున్నా. 'వార్త రాస్తున్నప్పుడు ఎవరు మన పక్కన నిలబడితే వారి పేరు ముందు' అని రాసిన నాకు పదికి పది!

ఇక ప్రాక్టికల్సు. యాభై మార్కులు. ఒక్కొక్కరూ ఒక్కో వార్త పట్టుకురావాలి, అది పేపర్లో అచ్చవ్వాలి. నాకు వార్త వెతుక్కునే పని లేకపోయింది. నా పక్క బెంచీలోనే తయారయింది.

మా పాలేనికీ బడికీ మధ్య గెడ్డ ఒకటుంది. వానాకాలం నడుంలోతు పారుతుంది. దాని మీద చిన్న కల్వర్టు, మా పాలెంలో తూము అంటారు. మొన్న చెరకు సీజన్లో లోడు ట్రాక్టరు వెళ్ళి ఓ పక్క కుంగిపోయింది, మధ్యలో దూడ పట్టేంత కన్నం పడింది. పంచాయతీకి చెప్తే చూస్తామన్నారు. చూసేరు కూడా. శ్రావణంలో ముసురు పట్టిన రోజు సుప్రియ కాలు జారి ఆ కన్నంలో పడింది. మోకాలి కింద ఎముక విరిగింది.

సుప్రియ నా స్నేహితురాలు. క్లాసు ఫస్టు. వాళ్ళ నాన్న అప్పలరాజు మావయ్య చెరకు కొట్టే పనికి వెళ్తాడు. కట్టు కట్టించుకొచ్చిన సాయంత్రమే తేల్చి చెప్పేసేడు.

"తూము బాగయ్యేదాకా బడీ నేదు, గిడీ నేదు. కాలుతో పోనాది. రేపు పేనమే పోతే నాను ఏటి సెయ్యను?"

"కాలు అతుక్కున్నాక వెళ్తాను నాన్నా," అని సుప్రియ ఏడ్చింది.

"తూము అతుక్కున్నాక ఎల్దువుగాని."

రోడ్డు చుట్టూ తిరిగి వెళ్తే బడి ఆరు కిలోమీటర్లు. ఆడపిల్లని అంత దూరం పంపడు. సుప్రియ బడి మానేస్తే నాకు తోచదు. లెక్కలు కూడా రావు. రెండూ నిజమే, ఏది ముందో అడక్కండి.

ఆ రాత్రే వార్త రాసేను. 'కూలిన కల్వర్టు, విరిగిన కాలు' అని పేరు పెట్టేను. పాలెంలో పిల్లలెంతమంది, ఎన్ని నెలలై ఇలా ఉంది, ఎవరెవరికి అర్జీలిచ్చేరు, అన్నీ రాసేను. మాస్టారు చదివి, "భాష బాగుందమ్మా. ఎవరు పాల్గొన్నారు?" అన్నారు.

"ఎవరూ పాల్గోలేదు సార్. సుప్రియ ఒక్కతే పడింది."

"ఒక్కతే పడితే వార్త ఎలా అవుద్దమ్మా? అధ్యక్షత ఎవరు వహించేరు?"

"కాలు విరగడానికి అధ్యక్షత ఏటి సార్!"

నా మొహం చూసి ఆయనకి జాలేసింది. మంచి మనిషే పాపం. "ఉండు, పరామర్శ పెట్టిద్దాం. కల్వర్టు సంగతి అందులో ఓ మూల ఇరికిస్తాను," అన్నారు.

ఆదివారం ఎర్రిబాబు గారు పదకొండు మందిని వెంటేసుకుని, డజను అరటిపళ్ళతో సుప్రియ ఇంటికొచ్చేరు. సుప్రియ మంచం మీద కాలు చాపుకుని కూర్చుంది.

"పాపా, ఆ కాలు కాస్త వెనక్కి లాక్కో, బాబుగారి కండువాకి అడ్డం వత్తంది!" అన్నాడు ఫొటో తీసేవాడు.

కట్టు కట్టిన కాలు వెనక్కి ఎలా వస్తుంది? దుప్పటి కప్పేసేరు. మర్నాడు పొద్దున్నే ఈ కబురు తెలిసి నానాజీ గారు తొమ్మిది మందితో పరిగెత్తుకొచ్చేరు. తొందర్లో పళ్ళు మర్చిపోయేరు. మంచం కింద ఎర్రిబాబు గారి అరటిపళ్ళు ఏడు మిగిలుంటే, అవే తీయించి, సుప్రియ చేతిలో పెట్టి ఫొటో దిగి వెళ్ళేరు.

వార్త పడింది. 'విద్యార్థినికి ఎర్రిబాబు పరామర్శ' అని పైన, 'నానాజీ ఓదార్పు' అని కింద. ఇరవై రెండు పేర్లు! కల్వర్టుకి చోటు చాల్లేదట. సుప్రియ పేపరు రెండు వైపులా తిప్పి చూసింది.

"నా పేరేదే?"

"తదితరుల్లో ఉంది."

"తదితరులకి కాలు ఇరగలేదు గదే!" అంది.

నాకు ఒళ్ళు మండింది. మాస్టారు యాభైకి ఇరవై వేసేరు, అదొక మంట. ఆలోచించగా ఆలోచించగా ఒక సంగతి తట్టింది. వార్త ఉన్న చోటికి మనుషులు రారు. మనుషులు ఉన్న చోటే వార్త. అలాంటప్పుడు మనుషుల్నే కల్వర్టు దగ్గరికి తోలుకెళ్తే సరిపోదూ?

"సార్, కల్వర్టు పరిశీలన అని కార్యక్రమం పెడదాం," అన్నాను.

మాస్టారు పొంగిపోయేరు. నానాజీ వస్తే నేను రానని ఎర్రిబాబు గారు, ఎర్రిబాబు వస్తే నా శవం వస్తుందని నానాజీ గారు. రెండోవారు రావడం లేదని మాస్టారు ఇద్దరికీ ఒట్టేసి చెప్పేరు. ఇద్దరూ వచ్చేరు. వారి మనుషులొచ్చేరు. బడి తరఫున మా హెడ్మాస్టరు గారు పట్టు కండువాతో వచ్చేరు. ఎవరో రిబ్బనూ కత్తెరా కూడా తెచ్చేరు.

"కూలిపోయిన కల్వర్టుకి రిబ్బనెందుకండీ?" అన్నాను.

"అలవాటు పాపా. ఉండనీ," అన్నాడు రిబ్బను తెచ్చినాయన.

ఫొటోలో మాస్టారూ ఉండాలి కదా, అందుకని ఫోను నా చేతికిచ్చేరు. నేను లెక్కెట్టేను. సరిగ్గా ఇరవై మూడు మంది.

"అందరూ గట్టు మీద నిలబడండి. కల్వర్టు ఎక్కకండి, ఓ పక్క కుంగిపోయింది," అన్నాను.

"కల్వర్టు పరిశీలనకొచ్చి గట్టు మీద నిలబడితే అది గట్టు పరిశీలన అవుద్ది. నీకేం తెల్సు, ఉండు," అని ఎర్రిబాబు గారు ఎక్కేసేరు. ఆయన ఎక్కేక నానాజీ గారు ఊరుకుంటారా? వాళ్ళిద్దరూ ఎక్కేక మిగతావాళ్ళు ఊరుకుంటారా?

కల్వర్టు ముందు వరసలో ఐదుగురు పడతారు. ముందు వరసలో నిలబడతామన్నవాళ్ళు ఇరవై మూడు మంది!

"బావా, కాస్త జరుగు."

"నువ్వే జరుగు బావా."

ఎర్రిబాబు గారు అరడుగు ముందుకేసేరు. నానాజీ గారు అడుగు ముందుకేసేరు. హెడ్మాస్టరు గారు ఇద్దరి చంకల సందులోంచి మొహం బయట పెట్టేరు. వెనకున్నవాళ్ళు తోసేరు. ఆ తోపులాటలో బరువంతా కుంగిన పక్కకి వచ్చేసింది. "నవ్వండి!" అని నేను నొక్కేను.

దబేల్మంది!

దుమ్ము తగ్గేసరికి కల్వర్టు లేదు. మనుషులు లేరు. కిందకి చూస్తే గెడ్డలో బురదలోంచి ఇరవై మూడు తలకాయలు పైకి లేస్తున్నాయి. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు, హెడ్మాస్టరు గారి మోచేతికి తప్ప. పక్క తోటలో కలుపు తీస్తున్న అప్పలరాజు మావయ్య పరిగెత్తుకొచ్చి, ఒక్కొక్కర్నీ రెక్క పట్టుకుని బయటికి లాగేడు. పెద్దలూ చిన్నలూ అని చూడలేదు, ఎవరి చెయ్యి అందితే వాళ్ళని లాగేడు.

నేను మాత్రం ఆపకుండా ఫొటోలు తీస్తూనే ఉన్నాను. నా ఆనందం చెప్పలేను! అధ్యక్షులున్నారు, అతిథులున్నారు, అందరూ పాల్గొన్నారు. కల్వర్టు కూలడం ఇప్పుడు అచ్చమైన వార్త!

"సార్, యాభైకి యాభై!" అన్నాను. మాస్టారు బురద ఉమ్ముకుంటూ, "ముందు ఫోనియ్యి," అన్నారు.

గట్టెక్కి ఇళ్ళకి చేరేరో లేదో ఆ ఫోను మోగడం మొదలెట్టింది. మొదట ఎర్రిబాబు గారు. "త్రినాధం, ఈ వార్తలో నా పేరు రాకూడదు." తర్వాత నానాజీ గారు. "ఎర్రిబాబు పేరు పెద్ద అక్షరాలతో వేసుకో. నాది తీసెయ్." హెడ్మాస్టరు గారైతే పక్కనే నిలబడి, "ఆ టైముకి నేను బడిలో ఉన్నట్టు సంతకం ఉంది, చూసుకో," అన్నారు. ఒక్కొక్కరే ఇరవై ఇద్దరూ! పేరు వెయ్యమని గాలి తీసేవాళ్ళే గానీ, పేరు తీసెయ్యమని బతిమాలేవాళ్ళని మాస్టారు తన సర్వీసులో ఎరగరు. స్కూటరు మీద తల పట్టుకు కూర్చుండిపోయేరు.

"పేజీలో చోటు పెట్టించేసేను భవానీ. ఫొటో ఉంది. పేర్లు లేవు. పేర్లు లేకుండా వార్త ఎలా రాస్తారో నాకు రాదమ్మా," అన్నారు.

నాకు కోపం నషాళానికంటింది. "పోన్లెండి సార్. గెడ్డలో పూడిక తీస్తున్నారని రాసెయ్యండి. బురద ఎలాగూ కనిపిస్తుంది కదా!" అన్నాను. ఎత్తిపొడుపుకే అన్నాను, ఒట్టు.

మాస్టారు మెల్లిగా తలెత్తేరు. ఆయన కళ్ళు పెద్దవయ్యేయి.

"శ్రమదానం! ఓసి నీ తెలివి తగలెయ్యా! శ్రమదానం! యాభైకి యాభై!"

అప్పుడు నేను వద్దనొచ్చు. అన్లేదు. యాభై అన్న మాట తియ్యగా వినిపించింది. పైపెచ్చు, "ఊపిరి అన్న మాట కూడా పెట్టండి సార్, బాగుంటుంది," అన్నాను.

మర్నాడు పడింది. 'గెడ్డలో పెద్దల శ్రమదానం, కల్వర్టుకు కొత్త ఊపిరి.' ఇరవై మూడు పేర్లు, ప్రతి పేరు వెనకా గారు. కింద చిన్న అక్షరాలతో 'ఫొటో: గంగాభవాని, తొమ్మిదో తరగతి.' పేర్లు తీసెయ్యమన్నవాళ్ళే కట్టలు కట్టలు కొనుక్కున్నారు. మా అమ్మ పేపరు పట్టుకుని వీధి వీధంతా తిరిగింది. హెడ్మాస్టరు గారు ఆ ముక్క కత్తిరించి ఆఫీసు గది గోడకి అంటించేరు.

ఆ రోజు బడి వదిలేక చుట్టుదారిన ఇంటికొస్తుంటే రోడ్డు మీద టీకొట్టు అచ్చియమ్మ నన్ను పిలిచింది.

"ఏమే, ఇంజినీరు బాబు వచ్చేడు తెల్సా? పెద్దోళ్ళు తూములో పడిపోనారని ఎవులో పోను సేసేరట. కొలతలకి టేపు అట్టుకుని, మనిసిని ఎంటబెట్టుకుని మరీ వచ్చేడు."

"కొలిచేడా?" అన్నాను ఆత్రంగా.

"ఎక్కడ కొలిసేడు! ఇక్కడ కూకుని టీ తాగతా పేపరు సదివేడు. పని అయిపోయింది గదా ఇంకేటి అని టేపు సుట్టేసి ఎలిపోనాడు."

నా నోరు పడిపోను! ఎనిమిది నెలలుగా రాని ఇంజినీరు వచ్చేడు. నిజం రాసి ఉంటే కల్వర్టు దాకా నడిచేవాడు. నేను రాయించిన అబద్ధం చదువుకుని టీకొట్టు దగ్గర్నుంచే తిరిగిపోయేడు.  ఎర్రిబాబు గార్నీ నానాజీ గార్నీ చూసి ఇన్నాళ్ళూ తెగ నవ్వుకున్నాను గానీ, వాళ్ళు చేసిన పనికీ నేను చేసిన పనికీ తేడా ఏమీ కనపళ్ళేదు. సుప్రియ మొహం చూడ్డానికి సిగ్గేసి వారం రోజులు వాళ్ళింటి వైపు వెళ్ళలేదు.

శుక్రవారం ఆరో పీరియడ్‌లో హెడ్మాస్టరు గారు నాకు కబురెట్టేరు. వెళ్తే అక్కడ అప్పలరాజు మావయ్య తలపాగా చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇన్‌స్పెక్షన్ దగ్గరికొస్తోంది, రిజిస్టర్లో ఇన్ని గైర్హాజర్లు ఉండకూడదు, వచ్చి పిల్ల పేరు తీయించుకుపొమ్మని హెడ్మాస్టరు గారే పిలిపించేరట. సారు మోచేతికి కట్టు, మెడలోంచి గుడ్డ. రాయలేరు కాబట్టి రాతకి నన్ను పిలిచేరు.

ఫారం ముందు పెట్టేరు. పేరు, తండ్రి పేరు, తరగతి నింపేను. 'బడి మానుటకు కారణం' దగ్గర ఆగేను.

"కల్వర్టు కూలినందున అని రాయనా సార్?"

"కల్వర్టు కూలిందా? ఎవరు చెప్పేరు? పేపర్లో అలా లేదే!" అన్నారు, కట్టు సర్దుకుంటూ.

"మీరు కూడా పడ్డారు కద సార్!"

"నేను పడ్డమేంటి? శ్రమదానం చేసేను. చేస్తుండగా పలుగు తగిలింది. రాయి. 'బాలికకు చదువుపై ఆసక్తి లేనందున.' తప్పుల్లేకుండా రాయి."

రాసేను. సిగ్గులేకుండా అదీ రాసేను. అప్పలరాజు మావయ్య వేలు సిరాలో అద్దబోయి, ఆగి, నా వైపు చూసేడు. ఆయనకి చదువు రాదు.

"ఏటి రాసేవమ్మా? ఓపాలి సదువు."

చదివేను. ఆయన మొహం ఎర్రగా అయిపోయింది.

"ఎవులికి ఆసక్తి నేదు? మా సుప్పికా? ఇరిగిన కాలు మంచం మీదెట్టుకుని పొద్దస్తమానం ఆ పుస్తకాలే సూత్తాది. నాను మానిపించినాను, నా పేరు రాయి. తూము కూలిపోనాది, అది రాయి. దానికి ఇట్టం నేదని మాత్తరం రాయకు. కొట్టెయ్ ఆ ముక్క!"

కొట్టేసేను. పెన్ను కాగితానికి కన్నం పడేలా కొట్టేసేను.

"అయ్యో అయ్యో! కొట్టివేతలున్న ఫారం చెల్లదు! ఉన్నదొక్కటే ఫారం! కొత్తవి పైనుంచి ఎప్పుడొస్తాయో ఏమో! అంతవరకూ పిల్ల పేరు తియ్యడానికి వీల్లేదు!" అని హెడ్మాస్టరు గారు గోలెత్తేరు.

"వీలు నేకపోతే మరీ మంచిది బాబూ," అన్నాడు మావయ్య తలపాగా చుట్టుకుంటూ. "అబద్దం మీద ఏలుముద్ర నానెయ్యను. కట్టు ఇప్పినాక రోడ్డంట సుట్టూ తిప్పి సైకిలు మీద నానే తెత్తాను. పనికి గంట ఆలీసెంగా ఎల్తాను, అంతే గదా."

గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయేడు. గోడ మీద పేపరు ముక్క చూసేడు. అక్షరాలు రాకపోయినా బొమ్మలోవాళ్ళందర్నీ ఆయన గుర్తుపట్టేడు, చేత్తో లాగినవాళ్ళే కదా.

"దీని కింద ఏటి రాసేరమ్మా?"

"పెద్దలందరూ శ్రమదానం చేసి కల్వర్టు బాగుచేసేరని రాసుంది మావయ్యా."

"ఎవులు రాసేరు?"

 "నేనే చెప్పి రాయించేను," అన్నాను.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నా చేతిలో పెన్ను వైపు చూసి, "మరి అదీ కొట్టెయ్," అన్నాడు.

నేను గోడ దగ్గరికి నడిచేను. హెడ్మాస్టరు గారు కుర్చీలోంచి ఎగిరి లేచి, "ఆగు! ముట్టుకోకు!" అని చెయ్యి అడ్డం పెట్టేరు. కట్టున్న చెయ్యే పెట్టేరు. అది వెళ్ళి బీరువాకి ఠాప్‌మని తగిలింది.

"అబ్బా! చచ్చేన్రా నాయనోయ్! ఆ రోజు కల్వర్టు మీంచి పడ్డప్పుడు విరిగిన చోటే!"

 హెడ్మాస్టరు గారు నోటికి ఎడమచెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఆ మాట రాసుకో అమ్మా," అన్నాడు అప్పలరాజు మావయ్య.